ఆరని గుడ్డల లెక్క

2010 జులై 21, బుధవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆదివారం పట్టిన ముసురు ఇంకా వదలలేదు. నారాయణగూడ వీధిలో పట్టపగలే దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. మా నర్సింగ్ హోమ్ కింది అంతస్తులో, పసిపిల్లల తూకపు యంత్రం మీద పదకొండు రోజుల ఆడపిల్లను పడుకోబెట్టాను. రెండు కిలోల ఆరువందల ఇరవై గ్రాములు చూపింది. పిల్లను ఎత్తి, యంత్రాన్ని సున్నాకు తెచ్చి, మళ్లీ పడుకోబెట్టాను. అదే అంకె.

పుట్టిననాడు ఆ పిల్ల బరువు రెండు కిలోల తొమ్మిదివందలు. నాలుగోనాడు ఇంటికి పంపేటప్పుడు రెండు కిలోల ఏడువందల నలభై. మొదటి నాలుగైదు రోజులు ఏ బిడ్డయినా కొంత తగ్గుతుంది, ఆపైన పెరగాలి. ఈ పిల్ల పెరగవలసిన వారంలో ఇంకా తగ్గింది.

అయితే పిల్ల అమ్మమ్మ లచ్చమ్మ అదే క్షణంలో నా పక్కన నిలబడి చెప్పిన అంకె మరొకటి. నిన్న తెల్లవారినప్పటి నుంచి ఈ తెల్లవారే వరకు పిల్ల పదకొండు గుడ్డలు తడిపింది. పాలు చాలినంత తాగే బిడ్డ, ఐదో రోజు దాటాక, రోజుకు ఆరు గుడ్డలకు తగ్గకుండా తడుపుతుంది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన కొలత. పదకొండు తడిపే బిడ్డ బరువు తగ్గకూడదు. బరువు తగ్గే బిడ్డ పదకొండు తడపకూడదు. రెండు అంకెలూ నా ఎదుటే ఉన్నాయి, రెండూ ఒకేసారి నిజం కావడానికి వీలు లేదు. ఏది తప్పో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయాను.

నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి 2014లో విరమించాను. చివరి ఐదేళ్లూ నాకు అప్పగించిన పని, కాన్పయి ఇంటికి వెళ్లిన బాలింతలను చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధుల్లో ఇళ్లకు వెళ్లి చూసి రావడం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలకు సూదుల గురించీ, మందుల గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. గుడ్డల గురించి చెప్పేవారు లేరు. అందుకని రాస్తున్నాను.

గుడ్డలను ఎందుకు లెక్కపెడతాం

సీసాకు గీతలుంటాయి, తల్లి రొమ్ముకు ఉండవు. బిడ్డ లోపలికి ఎన్ని పాలు వెళ్లాయో చూడలేము కనుక, బయటికి ఎంత వచ్చిందో చూస్తాము. పాత నూలు చీరను చదరపు ముక్కలుగా చింపి, ముక్కోణంగా మడిచి, పిల్ల నడుముకు చుట్టి ముందువైపు ముడి వేసే మన పద్ధతిలో ఈ లెక్క సులువు. తడిసిన ప్రతిసారీ గుడ్డ మారుతుంది. మారిన గుడ్డలన్నీ బకెట్‌లో పడతాయి. బకెట్‌ను లెక్కపెడితే చాలు.

2009లో అశోక్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే దంపతుల ఇంటికి వెళ్లాను. వారు బిడ్డకు డైపర్లు వాడుతున్నారు. రోజుకు ఎన్ని అని అడిగితే నాలుగు అన్నారు. నాలుగు తక్కువని నేను కంగారుపడి, వారిని అంతకు మించి కంగారుపెట్టి, ఆటో ఎక్కించి తీసుకువచ్చాను. తూస్తే బిడ్డ పుట్టిననాటికంటే నాలుగువందల గ్రాములు పెరిగి ఉన్నాడు. ఒక్కొక్క డైపరూ మూడుసార్ల తడిని మింగి కూర్చుంటుందన్న సంగతి నా లెక్కలోకి రాలేదు.

మా నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరమ్మ ఆనాడు నన్ను తిట్టలేదు. ఆమె తిట్టే మనిషి కాదు. వార్డులో ఏ నర్సూ "బిడ్డ బాగుందండీ" అని చెప్పడానికి మాత్రం వీల్లేదు, ఏదో ఒక కొలత చెప్పాలి. నా స్వభావానికి ఆ నియమం సరిపోయింది. ఆరోజు ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"అంకె చెప్పారు సిస్టర్. అది ఎలా వచ్చిందో చెప్పలేదేం?"

నేను అర్థం చేసుకున్నది వేరు. డైపర్ లెక్కను నమ్మకూడదు, గుడ్డ లెక్కను నమ్మాలి అని అర్థం చేసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ మొదటి నెల గుడ్డలే వాడమని చెబుతూ వచ్చాను. ఆ సలహా ఇప్పటికీ తప్పనుకోను. కానీ ప్రశ్నకు అది జవాబు కాదని తెలియడానికి మరో సంవత్సరం పట్టింది.

మేడ మీది గది

ఈ పిల్ల తల్లి పేరు స్వరూప. వయసు ఇరవై రెండు, మొదటి కాన్పు. భర్త నరేశ్ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ, పొద్దున్నే వెళ్లి గ్రంథాలయంలో కుర్చీ పట్టుకునేవాడు. చిక్కడపల్లిలో ఒక మేడ మీద ఒంటిగది వారి కిరాయి ఇల్లు. కాన్పు కోసం స్వరూప తల్లి లచ్చమ్మ జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చింది.

నేను మొదట వెళ్లింది జులై 17, శనివారం. తూకపు యంత్రం తీసుకువెళ్లలేదు. గది శుభ్రంగా ఉంది. మంచం మీద పిల్ల తల దగ్గర ముదురు ఎరుపు మీద నల్ల గళ్ల గుడ్డలు దొంతిగా పేర్చి ఉన్నాయి.

"మా అత్తమ్మ చీర," అంది లచ్చమ్మ. "తొంభై ఏండ్లు బతికింది. పోయేదాంక పంటి నొప్పి తెల్వది. ఆమె ఆయుష్షు పిల్లకు రావాలని పద్దెనిమిది ముక్కలు చేసిన. కొత్త బట్ట ఇరవై ఒక్క దినం దాంక ముట్టియ్య."

ఉతికి ఉతికి మెత్తబడిన నూలు. పిల్ల ఒంటికి అంతకంటే మంచిది నేను కూడా చెప్పలేను. ఎన్ని తడుపుతోందని అడిగాను.

"పది. నిన్న పది, మొన్న పది. నా బిడ్డ కూతురు చెరువు లెక్క ఉన్నది."

మంచం మీద నుంచి స్వరూప అంది, "తాగుతలేదు మేడం. నోట్లె పెట్టుకుంటది, రెండు గుక్కలు తాగి పంటది. లేపినా లేస్తలేదు. డబ్బా పాలు పట్టాల్నా?"

"గిదొక్కటి మొదలువెట్టింది," అంది లచ్చమ్మ నావైపు తిరిగి. "తాగకపోతే గిన్ని గుడ్డలు ఏడికెళ్లి తడుస్తయే? పైనుంచి వాన కురుస్తున్నదా?"

నేను లచ్చమ్మ పక్షమే వహించాను. పది గుడ్డలు తడుపుతున్న బిడ్డకు డబ్బా పాల అవసరం లేదని చెప్పాను. మలం సంగతి అడిగితే రోజుకు ఒక్కసారి అంది లచ్చమ్మ. ఆ వయసులో అది తక్కువ. అయినా పది అనే అంకె ముందు ఆ ఒకటి నాకు చిన్నదిగా కనిపించింది.

ఒక్క రోజు గడువు

ఇక బుధవారానికి వస్తాను. తూకం యంత్రం తప్పేమోనని, రెండు కిలోల పరీక్షరాయి దానిమీద పెట్టి చూశాను. రెండు కిలోలే చూపింది. యంత్రం తప్పు కాదు. లచ్చమ్మ లెక్క తప్పేమోనని మళ్లీ అడిగాను.

"ఏలు మడిచి లెక్కవెట్టిన సిస్టరమ్మా. నాకు సదువు రాదు గాని లెక్క రాదా? పదకొండు. కావాల్నంటే బకీట్‌ల ఉన్నయ్, వచ్చి చూస్కో."

అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పవలసిన కారణం కూడా లేదు.

పెద్ద డాక్టరమ్మ పిల్లను పరీక్షించింది. నడినెత్తి గుంట పడలేదు. జ్వరం లేదు. ఒళ్లు కొంచెం చల్లగా ఉంది, కానీ ఆ ముసురులో అందరి ఒళ్లూ చల్లగానే ఉన్నాయి. అరికాలు మీటితే కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"బరువు ఒకటి చెబుతోంది, గుడ్డలు ఒకటి చెబుతున్నాయి," అంది డాక్టరమ్మ. "గుడ్డలదే నిజమైతే పిల్లకు తాగింది ఒంటబట్టడం లేదు, దానికి వేరే పరీక్షలు చేయాలి. బరువుదే నిజమైతే ఆకలితో ఉంది. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. ఈ రాత్రికి తల్లి గంటగంటకూ లేపి పట్టాలి. రేపు సాయంత్రానికి ఏది నిజమో నాకు చెప్పండి సిస్టర్. చెప్పలేకపోతే చేర్చుకుని రక్తం తీయడం మొదలుపెడతాను."

స్వరూప ఆ మాటలన్నీ విన్నది. మెట్లు దిగుతూ నన్ను అడిగింది.

"పిల్లకు ఏమన్న అయితదా మేడం?"

"రేపు వస్తాను," అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏ అంకె లేదు.

ఆ రాత్రంతా రకరకాలుగా లెక్క వేసుకున్నాను. తాగకుండా పదకొండుసార్లు తడపాలంటే ఆ నీరు పిల్ల ఒంట్లో నుంచే పోవాలి. అలా పోతే బరువు నూట ఇరవై గ్రాములు కాదు, ఇంకా చాలా తగ్గాలి, నడినెత్తి గుంటపడాలి. పడలేదు. ఏ వైపు నుంచి కూడినా మొత్తం కుదరలేదు.

గురువారం సాయంత్రం

జులై 22న నాలుగు గంటలకు చిన్న తూకపు యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, గొడుగు కింద చిక్కడపల్లి వెళ్లాను. అది ఐదు గ్రాముల తేడాను కూడా చూపుతుంది. పిల్లను తూచాను. రెండు కిలోల ఐదువందల తొంభై. లచ్చమ్మ బకెట్ తెచ్చి చూపింది. పొద్దున్నుంచి ఆరు గుడ్డలు. ఆరూ తడిగానే ఉన్నాయి. వాసన చూశాను. వాసన లేదు.

"పాలు తాగే పిల్లకు వాసనేడిది?" అంది లచ్చమ్మ. అది నిజమే.

నీళ్లు చాలని పసిబిడ్డల మూత్రం ఒక్కొక్కసారి ఇటుక రంగు మరకలు వేస్తుంది. తెల్లని పంచె ముక్క అయితే మొదటిరోజే కనబడేది. ముదురు ఎరుపు చీరలో ఏ మరకా కనబడదు. గుడ్డలను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూశాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

ఇక నా కళ్లతో చూస్తే తప్ప తేలదని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లచ్చమ్మ కొత్త గుడ్డ కట్టింది. పది నిమిషాలకు చేయి పెట్టి, "తడిపింది" అంది. నేనూ చేయి పెట్టాను. తడే. మరో గుడ్డ కట్టింది. పావుగంటకు అదీ తడే. అరగంట లోపల రెండుసార్లు. ఆ మధ్యలో పిల్ల తాగింది మూడు గుక్కలు, నేను లెక్కపెట్టాను. నాకు మతి పోయింది.

రెండో గుడ్డ విప్పుతుంటే ఒక సంగతి చేతికి తగిలింది. ఆడపిల్ల తడిపితే పిరుదుల కింద తడవాలి. ఈ గుడ్డలో కింది భాగం ఎంత తడిగా ఉందో, నడుము ముందున్న ముడి కూడా అంతే తడిగా ఉంది. ముడి దాకా ఎలా ఎక్కింది?

అప్పటికి బయట వెలుగు తగ్గుతోంది. లచ్చమ్మ హడావిడిగా లేచింది.

"కూసో అమ్మా, గుడ్డలు తీస్కొస్త."

"అప్పుడే ఆరాయా?"

"ఆరినా ఆరకున్నా పొద్దుగూకినంక పిల్ల గుడ్డలు బయట ఉండొద్దు. మీదికెళ్లి పిట్టలు పోతే పక్షిదోషం తాకుతది. మీకు తెల్వదా?"

తెలుసు. మా అమ్మ కూడా అలాగే తీసేది. మా ఇంట్లో అది ఎండాకాలపు జ్ఞాపకం. ఎండాకాలంలో పొద్దు గూకేసరికి గుడ్డ పెళపెళలాడుతుంది.

లచ్చమ్మ రేకు వసారా కింద తాడు మీది గుడ్డలు తెచ్చి, ఒక్కొక్కటి అరచేతితో సాపు చేసి మడిచి, మంచం మీది దొంతిలో పెట్టింది. సాయం చేద్దామని ఒకటి అందుకున్నాను.

"ఇది తడిగా ఉంది లచ్చమ్మ గారూ."

"తడి కాదమ్మా, చల్లగున్నది గంతే. ఈ వానకు నా చీర గూడ చల్లగనే ఉన్నది, పట్టుకొని చూడు."

పట్టుకుని చూశాను. ఆమె చీర కూడా చల్లగానే ఉంది. నా చీరా చల్లగానే ఉంది. చల్లదనానికీ తడికీ తేడా వేళ్లు చెప్పలేకపోయాయి. సంచిలో నుంచి యంత్రం తీశాను.

కట్టడానికి సిద్ధంగా మడిచిన గుడ్డ నూట ఐదు గ్రాములు తూగింది. పిల్ల తడిపిందని ఇప్పుడే తీసినది నూట పది. ఈ గుడ్డ అసలు పొడిగా ఉన్నప్పటి బరువు తెలిస్తే గాని ఈ రెండూ ఏమీ చెప్పవు. పొడి గుడ్డ ఒకటి ఇవ్వమన్నాను.

"అన్నీ పొడియే గద."

"ఈ వానకు ముందు ఆరినది. మళ్లీ తడపనిది."

లచ్చమ్మ ఆలోచించింది. మంచం మీద నుంచి స్వరూప, "దిండు కింద ఉన్నది గద అమ్మా," అంది.

పసిబిడ్డ దిండు కింద ఇనుము పెట్టడం ఆ ఇంట్లోనూ ఉంది. లచ్చమ్మ అడకత్తెరను అదే చీర ముక్కలో చుట్టి, పిల్ల ఇంటికి వచ్చిన రోజున అక్కడ పెట్టింది. నేను చేయి చాపేసరికి అడ్డుకుంది.

"అది తీయొద్దు. ఇరవై ఒకటో దినం దాంక తీయొద్దు."

"నువ్వు కత్తెర పట్టుకో అమ్మా, గుడ్డ మేడంకు ఇయ్యి," అంది స్వరూప. "ఇనుము పిల్ల పక్కన ఉంటే చాలు గద. గుడ్డకేం పనుంది?"

కూతురు అంత గట్టిగా మాట్లాడటం ఆ వారంలో అదే మొదలనుకుంటాను. లచ్చమ్మ అడకత్తెర విప్పి పిల్ల పక్కనే పట్టుకుని కూర్చుంది. గుడ్డ నాకిచ్చింది. తూచాను. అరవై ఐదు గ్రాములు.

ఒక చీర, ఒకే కొలత ముక్కలు. పొడిది అరవై ఐదు, కట్టబోయేది నూట ఐదు, తీసినది నూట పది. నలభై గ్రాముల నీళ్లతో గుడ్డ పిల్ల నడుముకు ఎక్కుతోంది. పిల్ల ఒంటి వేడికి ఆ చెమ్మ తేలి చేతికి తగులుతోంది. దానిని తడిపిందనుకుని మారుస్తున్నారు. పది, పదకొండు అన్నీ నిజంగా మారినవే, నిజంగా తడివే. పిల్ల తడిపినవి ఎన్నో ఎవరికీ తెలియదు.

లచ్చమ్మ అడకత్తెరను పిల్ల పక్కన పెట్టింది. తరువాత దొంతిలోని గుడ్డను తీసి చెంపకు ఆనించుకుంది.

"నేను తడి గుడ్డల పండవెట్టిన్నా పిల్లను?" అని అడిగింది.

పిల్లకు నా చేతి రుమాలు, స్వరూప పొడి చున్నీ కలిపి చుట్టి, ఆటోలో నారాయణగూడ తీసుకువచ్చాము. డాక్టరమ్మకు బరువుదే నిజమని చెప్పాను. ఎలా తెలిసిందో ఈసారి ముందే చెప్పాను.

ఇస్త్రీ బండి

పిల్లను మూడు రాత్రులు ఉంచుకున్నారు. పొడి గుడ్డలో, తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి పడుకోబెట్టారు. స్వరూప పాలు పిండి ఇస్తే లచ్చమ్మ తాను తెచ్చుకున్న ఉగ్గుగిన్నెతో రెండు గంటలకు ఒకసారి పట్టింది. పాలు లేకపోలేదు, సరిపడా ఉన్నాయి. తాగడానికి పిల్ల మేలుకోలేదు. స్వరూప మొదటిరోజు నుంచీ చెప్పినది సరిగ్గా ఆ మాటే. ఆమె మాటలో అంకె లేదు కనుక నేను దానిని కొలతగా తీసుకోలేదు. కొత్తగా వచ్చే అమ్మాయిలు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మిగిలినది మరచినా నష్టం లేదు.

మొదటి ఇరవై నాలుగు గంటల్లో పొడి గుడ్డల మీద లెక్క మూడు. రెండో రోజు ఐదు.

ఇంటికి పంపేముందు అసలు చిక్కు వచ్చింది. ముసురు తగ్గలేదు. గుడ్డలను పొద్దు గూకినా తాడు మీద ఉంచమని చెబితే లచ్చమ్మ ఒప్పుకోదు. ఒప్పించవలసిన అవసరం నాకూ కనిపించలేదు. తెచ్చాక ఇస్త్రీ చేయించమన్నాను.

"నిప్పు తాకినంక ఏ దోషం ఉండది," అంది వెంటనే. నా సలహా నా శాస్త్రానికంటే ఆమె శాస్త్రానికే బాగా అమరింది.

వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండి ఉంది. ఆ పని నరేశ్‌కు అప్పగించారు. మొదటి సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఇస్త్రీ చేసే ఆయన గళ్ల ముక్కలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది తమ్మీ ఇవి, దస్తీలా?"

"పిల్ల గుడ్డలన్న. జర గట్టిగ కాల్చు, తడి ఉండొద్దట."

"క్రీజు ఎటు వెయ్యాలె మరి? ఆఫీసుకు పోతదా నీ బిడ్డ?"

"పోతది. నాకంటె ముందు దానికే వచ్చేటట్టుంది నౌకరి."

ఇస్త్రీ అయిన గుడ్డను ఇంటికి తెచ్చి తూచాను. అరవై ఐదు.

తెలియనిది

ఒక సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. పిల్ల తాగక మగతగా పడుకున్నందువల్ల ఒళ్లు చల్లబడిందా, లేక తడి గుడ్డల వల్ల ఒళ్లు చల్లబడి, ఆ చలికి మగతగా పడి తాగలేదా? మొదటిదైతే గుడ్డలు మా లెక్కను మాత్రమే చెడగొట్టాయి. రెండోదైతే గుడ్డలే జబ్బు. డాక్టరమ్మను అడిగాను. రెండూ ఒకదానినొకటి పెంచి ఉంటాయి, ఏది ముందో చెప్పలేము అంది. ముసురు మొదలైనది ఆదివారం, జులై 18. స్వరూప తాగడం లేదని చెప్పినది శనివారం, 17. ఈ తేదీలను బట్టి మొదటిదే సరి అనిపిస్తుంది. అయితే 17కు ముందు కూడా సాయంత్రపు జల్లులు పడ్డాయి, గుడ్డలు ఎంత ఆరాయో ఎవరూ తూచలేదు. తూచని దాని గురించి నేను ఏమీ చెప్పలేను. లచ్చమ్మ నన్ను ఇదే రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ తెలియదనే చెప్పాను. ఆమెకు ఆ జవాబు సరిపోలేదు. నాకూ సరిపోలేదు.

చివరి తూకం జులై 30, శుక్రవారం. పొద్దున ఏడు గంటలకు వెళ్లాను. మబ్బు ఉంది, వాన లేదు. పిల్ల రెండు కిలోల ఎనిమిదివందల పది. నేను లోపలికి అడుగుపెట్టేసరికి మేలుకుని, గొంతు చించుకుని ఏడుస్తోంది. ఆ గదిలో పిల్ల ఏడుపు నేను వినడం అదే మొదటిసారి.

నిన్న ఏడు నుంచి ఈ ఏడు వరకు లెక్క అడిగాను.

"ఎనిమిది," అంది లచ్చమ్మ.

"ఏడు," అంది స్వరూప.

"ఎనిమిదోది నేనే మార్చిన గదనే, ఇప్పుడే."

స్వరూప పిల్లను భుజాన వేసుకుని, వంగి బకెట్‌లోంచి పైన ఉన్న గుడ్డ తీసి నాకు చూపింది. "ముడికాడ తడి, కింద పొడి. బట్టలు పిండిన చేతులతోని ముట్టుకున్నది మేడం. అది అమ్మ లెక్క, పిల్లది కాదు."

గుడ్డ విప్పి చూశాను. కింది భాగాన్ని చెంపకు ఆనించాను. లచ్చమ్మ కూడా అందుకుని తన చెంపకు ఆనించుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏడే," అంది.

ఆ ఇంట్లో నేను నమోదు చేసిన చివరి లెక్క: ఇరవై నాలుగు గంటల్లో బిడ్డ తడిపిన గుడ్డలు ఏడు.